వాన వెలిసేలోపు

ఒకప్పుడు జనం వానకి జడిసి ఇళ్లలోకి పరిగెత్తేవారట. ఇప్పుడు వాన వెలుస్తుందంటేనే హడల్. గాలివాన ఆకాశం పైపొరల్లోని ఓజోన్‌ని నేలకు దింపేస్తుంది. వెలిశాక బయట ఊపిరి పీలిస్తే గుండెలు మండిపోతాయి. దాన్నే ఊళ్లో పైగాలి అంటారు.

చినుకు పలచబడింది. గోడల్లేని పాకలో చూడిగేదెను వదలడానికి నూకరత్నానికి మనసొప్పలేదు. పలుపు పట్టి లాగింది. వానలో హాయిగా నిలబడ్డ గేదె కదిలితేనా! వెనక్కి వెళ్లి, భుజం ఆనించి, నానా తిట్లూ తిడుతూ ఇంట్లోకి తోసింది. తలుపు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కింది.

"ఇల్లంతా పేడ కంపు కొట్టేత్తందే!" అంటూ అత్త ముక్కు మూసుకుంది.

"ముక్కు ముయ్యకత్తా, పీలుత్తా ఉండు. ఈ కంపు పోయి ఘాటు తగిలిందంటే పైగాలి లోనకొచ్చేసినట్టే."

అత్త ముక్కు వదిలేసి, ఆశగా పేడ కంపు పీల్చింది.