తొమ్మిది వందల డెబ్భై ఎనిమిది

వినీలకు మొదటిసారి తొమ్మిది వందల డెబ్భై ఎనిమిది వచ్చింది.

శంషాబాద్ డిగ్రీ కాలేజీలో చివరి ఏడాది ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్ష. లోలకం ఊపులు లెక్కపెట్టి గురుత్వ త్వరణం విలువ సెంటీమీటర్లలో కట్టాలి.

మల్లేశ్వర్ సార్ వెనక నుంచి వచ్చి కాగితం చూశాడు. మూడేళ్లుగా ఆమెకు పాఠం చెప్పినవాడు. జర్మనీకి దరఖాస్తు పెట్టించి, సిఫారసు ఉత్తరం రాసినవాడు.

"ఎనభై ఒకటికి తే," అన్నాడు మెల్లగా.

"మూడుసార్లు చేసిన సార్. ఇంతే వస్తున్నది."

"పుస్తకంల ఎంతున్నది? బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చిండు. మార్కులు పోతయి బిడ్డా."

ఆ కాలేజీలో అందరూ చేసేదే. ముందు జవాబు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి, ఊపుల కాలాన్ని సరిదిద్దుకుంటారు.

వినీల రబ్బరు తీసుకుంది.

ఎగ్జామినర్ సన్నటి మనిషి. చంకలో గుడ్డ సంచి. పేరు ఈశ్వరయ్య అని ఎవరో అన్నారు.

"మొదటిసారి ఎంతొచ్చింది?" అని అడిగాడు.

"తొమ్మిది వందల ఎనభై ఒకటి సార్."

"నేనడిగేది మొదటిసారి."

"అదే సార్."

ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి, రబ్బరుతో చెరిపిన చోట చూశాడు. యాభైకి ఇరవై రెండు వేసి తర్వాతి బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్టాప్‌లో మళ్లీ ఆయనే. ఇద్దరి నెత్తిమీద కాలేజీవాళ్లు కట్టిన ఫ్లెక్సీ. 'జర్మనీకి మన వినీల'. అందులో ఆమె ఫొటో కన్నా మల్లేశ్వర్ సార్ ఫొటో పెద్దది.

"ఖాయమైందా పోవుడు?"

"లేదు సార్. ఇక్కడ యూనివర్సిటీల గూడ సీటొచ్చింది. సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పాలె."

"నువ్వు చెప్పకముందే వీళ్లు చెప్పిండ్రు గద," అని ఆయన నవ్వాడు.

వినీల నవ్వలేదు.

"ఇరవై రెండు ఎందుకేసిండ్రు సార్?"

"అబద్ధం చెప్పినవ్ గనక. మొదటొచ్చిందే సరైంది. మన దగ్గర డెబ్భై ఎనిమిదే ఉంటది. పుస్తకంల ఉన్నది ఈడిది కాదు."

"తెలిసి గూడ కోసిండ్రా?"

"తెలిసే కోసిన. నీ చెయ్యి మంచిది. నువ్వే దాన్ని నమ్మలే."

ఆమె తల తిప్పుకుంది.

"ఇక్కడ చేరితే నా దగ్గరికి రా. యూనివర్సిటీలనే ఉంట. ఈసారి ఇంకొక్కల్నే తీసుకుందామనుకుంటున్న."

"మీ దగ్గర ఏముంటది సార్?"

"లోలకముంటది. కూసోనికి స్టూలుంటది. ఇంకేం గావాలె?"

తుక్కుగూడ బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీలోంచి ఒకసారి చూశాడు. ఆమె చూడనట్టే నిలబడింది.

తప్పు పట్టుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆయన ఆమెలోని ఒప్పును కనిపెట్టి, దానికి శిక్ష వేశాడు. అడగకుండా లోపలికి వచ్చి, చూడకూడనిది చూసి వెళ్లినట్టనిపించింది. అటువంటి మనిషి ముందు రోజూ కూర్చోవడం ఎలా?

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో మల్లేశ్వర్ సార్‌ను అడిగింది.

"ఆయనెవరు సార్?"

సార్ టీ కప్పు కింద పెట్టాడు.

"ఈశ్వరయ్యనా? గుట్టలెంబడి గురుత్వం కొలిచే మిషన్ మోసుకొని తిరుగుతుంటడు. ఏం, ఐదేండ్లు ఆయన సంచి మోస్తవా?"

"ఊరికే అడిగిన సార్."

"సొంత అన్న లెక్క చెప్తున్న. జర్మనీల ప్రొఫెసర్ రోడెవాల్డ్ నీ కోసం చూస్తుండు. ఇగ పరేషాన్ గాకు."

ఇంట్లో తండ్రి మత్తయ్య డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఎయిర్‌పోర్ట్ కార్గోలో పని ఆయనది.

"బాపు, నువ్వేమంటవ్?"

"నేను పెట్టెలు ఎక్కిచ్చెటోన్ని బిడ్డా. ఏ పెట్టె ఎటు పోవాల్నో దానిమీదనే రాసుంటది. నీ మీద ఏం రాసున్నదో నాకెట్ల ఎర్క?"

"మల్లేశ్వర్ సార్ జర్మనీ అని రాసిండు."

"అయితే పో. సార్ నీ చెడు కోరుతడా?"

సోమవారం పొద్దున యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరిచి, సీటు వదులుకుంటున్నానని నొక్కింది. ఖాయమా అని అది మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కింది. జర్మనీకి వస్తున్నానని మెయిల్ పెట్టింది. ఇరవై రెండు మార్కులకు బదులు తీరినట్టయింది.

మధ్యాహ్నం జర్మనీ నుంచి ప్రొఫెసర్ రోడెవాల్డ్ వీడియో కాల్ చేశాడు. తెల్లగడ్డం, నెమ్మదైన ఇంగ్లీషు.

"మీరు వస్తున్నందుకు సంతోషం," అన్నాడు. "నేను ఉండనని తెలిసి కూడా వస్తున్నారు. అదే ఆశ్చర్యంగా ఉంది."

"ఉండరా సార్?"

"రెండేళ్లు సెలవు పెట్టాను. మార్చిలోనే మీ మల్లేశ్వర్ గారికి రాశాను. ఎక్కడికి వెళ్తున్నానో, ఎవరి దగ్గరికో అన్నీ రాశాను. మీరు అక్కడే ఉండిపోతే మేలని కూడా రాశాను."

వినీల ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది.

"మీతో మాట్లాడానని, అయినా మీరు రావాలనే పట్టుబడుతున్నారని ఆయన జవాబిచ్చారు. నిజం కాదా?"

మార్చి తర్వాత సార్ ఆమెకు రోజూ కనిపించాడు. రోజూ బిడ్డా అన్నాడు.

మూడేళ్లు ఒక గోడకు ఆనుకుని నిలబడ్డట్టుంది ఆమెకు. ఇప్పుడు వెనక ఏమీ లేదు.

"మీరు ఎక్కడికి వెళ్తున్నారు సార్?" అని మాత్రం అడగగలిగింది.

"మీ హైదరాబాద్‌కే," అన్నాడు ప్రొఫెసర్, "పదేళ్లుగా అడుగుతుంటే ఇప్పటికి ఒప్పుకున్నారు ఈశ్వరయ్య గారు, నన్ను శిష్యుడిగా తీసుకోవడానికి."