శాలువా వేసిన కుర్చీ

ఆ సాయంత్రం గౌలిపురలో దుర్గయ్య వాకిట్లో బర్రెలకు తప్ప అందరికీ కుర్చీలు వేశారు.

అన్నింటికన్నా ముందున్న కుర్చీలో మడత విప్పని శాలువా ఉంది. అందులో ఎవరూ కూర్చోకూడదని దుర్గయ్య హుకుం.

ఆయన మనవరాలు అమల చదివే కాలేజీలో పిల్లలంతా కలిసి ఒక చిన్న ఉపగ్రహం తయారుచేశారు. దాన్ని ఈ రోజే రాకెట్‌లో పంపుతున్నారు. ఉపగ్రహాన్ని పైకి తోసేసి, ఆ రాకెట్ కింది భాగం మళ్లీ వచ్చి నేల మీద నిలబడుతుందట. తర్వాత ఇంకోసారి వాడుకుంటారట.

ముందుండి పిల్లలందరి చేత పని చేయించింది అమల స్నేహితురాలు శ్రీహిత. ఇద్దరూ కాలేజీలోనే ఉండిపోయారు.

"శ్రీహిత వాళ్ల బాపు మనింటికొచ్చి చూస్తడు తాతా. ఇంట్ల ఒక్కడే ఉంటడు. మర్యాదకు తక్కువ చెయ్యకు," అని అమల పొద్దున్నే చెప్పి వెళ్లింది.

అంత పని చేసిన పిల్ల తండ్రి అంటే కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే చోట పెద్ద ఆఫీసరే అయ్యుంటాడని దుర్గయ్య తేల్చేశాడు. ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు మొదటి నుంచీ లేదు.

బస్తీనంతా పిలిచాడు. కొత్త టీవీని వాకిట్లోకి తెచ్చి పెట్టాడు. సరిగ్గా ఆ రోజే కోతులు మిద్దె మీది డిష్‌ను విరగ్గొట్టాయి. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "దారిలనే ఉన్న" అన్నాడు. ఆ మాట అన్నది మధ్యాహ్నం.

"దుర్గన్నా, ఫోన్ల సూద్దమా?" అన్నాడు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం నడిపే గుండయ్య.

"ఫోన్ల సూస్తే రాకెట్ అగ్గిపుల్లంత కనబడ్తది. సప్పుడు చెయ్యకుండ కూసో."

పైకి అలా అన్నాడు గానీ, దుర్గయ్యకు చెమటలు పడుతున్నాయి. ఈ రోజు టీవీ రాకపోతే రేపు గుండయ్య చెప్పగా పత్తర్‌గట్టి మొత్తం నవ్వుతుంది. అమల ముఖం ఎలా చూడాలి?

అప్పుడే గేటు దగ్గర చేతి సంచితో ఒక బక్కపలచని మనిషి కనిపించాడు.

"దుర్గయ్యగారి ఇల్లు..."

"ఇదే. గింత లేటా? ఎక్కు మిద్దె."

"అది గాదన్నా, నేను..."

"నువ్వెవరో నాకెర్కలేదా? పగటి నుంచి నీ కోసమే సూస్తున్న. ఆ కుర్చీ దిక్కు పోకు. అది శ్రీహిత అని, ఉపగ్రహం చేసిన పిల్ల నాయినకు. ఆయన వచ్చేలోపట టీవీ రావాలె."

అతను కుర్చీని చూశాడు. శాలువాను చూశాడు. బొమ్మ లేని టీవీని చూసి కంగారు పడ్డాడు.

"టీవీ వస్తలేదా? రాకెట్ లేసే టైమైంది కదన్నా."

సంచి అక్కడే పెట్టి మెట్లెక్కి పరుగెత్తాడు. పని మీద ఇంత ఫికర్ ఉన్న మెకానిక్‌ను దుర్గయ్య పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"పానాలేవి?" కింది నుంచి అరిచాడు.

"తేలేదన్నా."

"పానాల్లేకుండ ఏం మెకానిక్‌వయ్యా?"

"చేతులతోని పట్టుకుంట. వస్తుందేమో చెప్పుండ్రి."

బొమ్మ వచ్చింది. అతను చెయ్యి తీయగానే పోయింది.

"వదలకు భాయ్," అంది వాకిలంతా ఒక్క గొంతుతో.

అతను వదల్లేదు. విరిగిన డిష్‌ను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అన్నా, ఏమైంది?"

"లేసింది."

"మంచిగ పోతున్నదా?"

"నీకెందుకయ్యా? చెయ్యి కదలనియ్యకు."

కాసేపటికి రాకెట్ కింది భాగం నిప్పులు కక్కుతూ తిరిగొచ్చి నిటారుగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

దుర్గయ్య మాత్రం పెదవి విరిచాడు. "మా నల్లబర్రె రోజు గిట్లనే పోయి గిట్లనే వస్తది. దానికి ఎవ్వడన్న చప్పట్లు కొట్టిండా?"

"నువ్వు గూడ రోజు పోయి వస్తనే ఉన్నవ్. నీకు కొట్టినమా?" అంది భార్య పుష్పమ్మ.

పాలు పితికే వేళ దాటి బర్రెలు అరవసాగాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి తెర మీద పిల్లల ఉపగ్రహం మెల్లగా విడివడి చీకట్లోకి జారింది.

"అన్నా, ఏమైంది?"

"వదిలిన్రు. మనోళ్లది తిరుగుతున్నది."

పైన అతను డిష్‌ను వదిలేశాడు. టీవీలో బొమ్మ పోయింది.

అతను కళ్లు తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

"దుమ్ము పడ్డదా?"

"అవునన్నా."

దుర్గయ్య పైసలు తీయబోతే వద్దని దండం పెట్టాడు. సంచిని పుష్పమ్మ చేతికిచ్చి, "అందరికీ పంచమ్మా," అన్నాడు.

"ఆ పెద్దమనిషి రానే రాలేదు సూడు," అన్నాడు దుర్గయ్య, కుర్చీ వైపు చూస్తూ. "పెద్దోళ్లంత గింతే. పిల్ల గంత పని చేస్తే వచ్చి సూడ తీరదు."

"యాడనో ఓ కాడ ఉండి సూసే ఉంటడులే అన్నా."

అతను వెళ్లిపోయాడు. సంచి విప్పితే మిఠాయి డబ్బా ఉంది.

"ఈ కంపెనీ మస్తున్నదే," అన్నాడు దుర్గయ్య ఒకటి నోట్లో వేసుకుని. "పైసలు తీస్కోదు, పైంగ మిఠాయి పెడ్తది."

అది మింగేలోపే గేటు ముందు బైకు ఆగింది. దిగినవాడి చేతిలో పానాలున్నాయి.

"లేటైంది అన్నా. డిష్ యాడున్నది?"

"మీవోడొచ్చి పోయిండు గద."

"మావోడెవ్వడు? నేనొక్కణ్నే."

దుర్గయ్య మిఠాయి డబ్బా వైపు, శాలువా కుర్చీ వైపు చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ చివరిదాకా ఉరికాడు. అక్కడ ఎవరూ లేరు.

జేబులో ఫోన్ మోగింది. అమల.

"తాతా, శ్రీహిత వాళ్ల బాపు ఇప్పుడే ఫోన్ చేసిండు. ముందటి కుర్చీల కూసోబెట్టి శాలువా గూడ కప్పినవట కదా. రాకెట్ అందరికన్న మంచిగ ఆయనకే కనబడ్డదట."