రెండు డబ్బాల పెన్న

“నీళ్లు లేకుంటే మట్టి చాలు రసూల్. అల్లా ఒప్పుకుంటాడు,” అన్నాడు మసీదు పెద్ద ఫకీర్ సాహెబ్.

“మా అమ్మ ఒప్పుకోదు!” రసూల్ అరిచిన అరుపుకు వీధిలో తలలు బయటికొచ్చాయి.

ముసలాయన నొచ్చుకోలేదు. “సరే నాయనా. పొద్దుగూకే లోపల వచ్చెయ్,” అన్నాడు.

అది ఎనభై ఏడు ఎండాకాలం. వానలు ముఖం చాటేసి మూడేళ్లయింది. ఉదయగిరి కొండ కింద బావుల్లో అడుగు రాళ్లు కనిపిస్తున్నాయి. ఆ మూడేళ్లూ రసూల్ తల్లి మస్తాన్‌బీ, తాగే నీళ్లలోంచే చెంబెడు దాచుకుని, వాటితో ముఖమూ చేతులూ కడుక్కునే నమాజు చేసింది. మట్టితో సరిపెట్టుకోమని ఎవరన్నా అంటే, “మట్టి యాడికి పోతాదిలే. నీళ్లున్నంత కాలం నీళ్లే,” అనేది.

రసూల్ ముందు రామనారాయణ తోటకు వెళ్లాడు. నిమ్మపాదుల్లో బోరు నీళ్లు నిండుగా పారుతున్నాయి. ఒక్క డబ్బా అడిగాడు.

“ఈ పొద్దు నీకిస్తే రేపు వీధి వీధంతా వస్తుంది. పోరా, పో!”

ఎందుకో చెప్పబోయాడు రసూల్. రామనారాయణ అప్పటికే వీపు తిప్పేశాడు.

రసూల్‌కు రిపేరు షెడ్డు ఉంది. అక్కడున్న మోటారు సైకిల్ ఒకటి బయటికి లాగాడు. వెనక చెరో పక్కా ఒక తగరపు డబ్బా పెట్టి, ట్యూబు రబ్బరుతో బిగించి కట్టాడు. పెన్న దగ్గరున్న ఆత్మకూరుకు రానూపోనూ డెబ్బై మైళ్లు. దారి పొడుగునా ఎర్రనేల, ముళ్లు తేలిన చిల్లచెట్లు, వడగాలి. ఎదురుగా ఒక్క పచ్చని ఆకు కూడా లేదు. పళ్లు బిగపట్టి నడిపాడు.

ఆత్మకూరు అంగట్లో అమ్మకు కొత్త గుడ్డ, ఒక సబ్బు కొన్నాడు. పెన్నలో దిగి చేతులతో ఇసుక తోడాడు. చెలమలో ఊరిన నీళ్లను చెంబుతో ముంచి, వడగట్టి, డబ్బాలు నింపాడు. గంటన్నర పట్టింది.

తిరుగు దారిలో ఒక కల్వర్టు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో కామయ్య అనే అతను లేచి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏంది సాయిబూ, పెన్నను మూటగట్టుకుని పోతుండావే! మాకో గుక్కెడు పొయ్యి.”

“కుదరదు. మా అమ్మకు.”

“రెండు డబ్బాలా? మీయమ్మేమన్నా ఏనుగా ఏందిరా?”

మిగతావాళ్లు పగలబడి నవ్వారు. రసూల్ బండి దిగి కామయ్య చొక్కా పట్టుకున్నాడు. పిడికిలి లేచింది గానీ దిగలేదు. వాణ్ని తోసేసి బండెక్కాడు.

“నీ నీళ్లు నేలపాలుగాను!” వెనకనుంచి కామయ్య గొంతు.

రెండు మైళ్లు పోకముందే బండి గుంతలో పడి లేచింది. కుడి డబ్బా అతుకు విచ్చింది. చూసుకుని ఆపేసరికి సగం నీళ్లు పోయాయి. ఎర్రనేల చప్పుడు లేకుండా తాగేసింది.

కొత్త సబ్బు విరిచి, మెత్తగా పిసికి, పగులుకు మెత్తాడు. తర్వాత నేలను కాలితో తన్నాడు. మళ్లీ తన్నాడు. రామనారాయణను, కామయ్యను, మట్టి చాలన్న పెద్దమనిషిని, వాన కురిపించని ఆ పైవాణ్నీ, ఒక్కరిని వదలకుండా తిట్టాడు.

“నేలేం జేసిందబ్బయా నిన్ను?”

రోడ్డు పక్కన కరువు పనిలో కంకర కొడుతున్న ఆడమనిషి. సుత్తి పక్కన పెట్టి వచ్చింది.

“ఎవురికీ నీళ్లు?”

“మా అమ్మకు. ఇంటికాడ ఎదురుచూస్తా ఉండారు.”

ఆమె తడిసిన నేల వంక చూసింది. చెట్టు నీడలో పెట్టుకున్న తన కుండ తెచ్చి, మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, కుడి డబ్బాలో వంచడం మొదలుపెట్టింది.

“తాగే నీళ్లు పెద్దమ్మా, ఒద్దు!”

“గమ్మునుండు. ముసలిపాణం, గొంతు తడవకుంటే నిలబడతాదా? మేం ఇంటికి పొయ్యేదాకా ఓర్చుకుంటాంలే.”

కుండ అడుగున చుక్క కూడా మిగుల్చుకోలేదు.

రసూల్ నోరు తెరిచాడు. పొద్దున రామనారాయణ వినని మాట ఈమె వింటుంది. విన్నాక ఖాళీ కుండ వంక చూసుకుంటుంది. నోరు మూసుకున్నాడు.

“రాహేలమ్మ ఇచ్చిందని చెప్పు మీయమ్మకు.”

తల ఊపాడు. అక్కణ్నుంచి ఉదయగిరి దాకా అతని కోపమంతా తన మీదే.

పొద్దుగూకడానికి గంట ఉందనగా వీధిలోకి వచ్చాడు. ఫకీర్ సాహెబ్ వాకిట్లోంచి పక్కకు తప్పుకున్నాడు. పక్కింటి ఖాదర్‌బీ డబ్బాలు రెండూ పరదా లోపలికి తీసుకెళ్లింది.

“ముందు కుడి డబ్బా,” అన్నాడు రసూల్, పరదాకు ఇవతలే నిలబడి. “రాహేలమ్మ ఇచ్చిందని చెప్పు.”

ఖాదర్‌బీ ఆ మాట చెవిలో చెప్పి, మొదటి చెంబు ముంచి, తెల్లవారుజామునే కన్నుమూసిన మస్తాన్‌బీకి కడపటి స్నానం మొదలుపెట్టింది.