పావని పిల్లి

మా పల్లెలో ఇప్పుడు ఇంటింటి గోడమీదా తెరలో ఒక బొమ్మజీవి ఉంటుంది. దాని గిలక్కాయ ఎంత దూరాన ఉన్నా సరే, కదిలితేనే అది గెంతుతుంది. మా కూతురు పావని అందులో పిల్లిని సాకింది. పాప పోయినప్పుడు ఆ గిలక్కాయను గుప్పిట్లో పెట్టే పూడ్చాను.

మూడోనాడు సమాధిమీద పాలు పోసి వచ్చేసరికి పిల్లి గెంతుతోంది. అంతవరకూ మెతుకు ముట్టని నా భార్య నాగమణి కంచం ముందు కూర్చుంది.

"సూడు మామా, బిడ్డ ఆడుకుంటాంది."

సమాధి పక్క చేనులో ట్రాక్టరు దున్నుతోందని నేను చెప్పలేదు. దుక్కులు అయిపోయాక రోజూ పొద్దున్నే పోయి అక్కడి నేలను రోకలితో దంచి వచ్చేవాణ్ణి. ఆమె తినేది.

నిన్న వానకు సమాధి దారిలోని వాగు పొంగి, దాటలేక వెనక్కొచ్చాను. తలెత్తకుండా గడపలో నిలబడ్డాను.

"తడిసిపోయినావే! ఈపొద్దు పిల్లి ఒక్క గడియ కుదురుగా ఉండలే మామా. వానంటే సాలు గదా బిడ్డకి" అంటూ నాగమణి మారు వడ్డించుకుంది.