గుమ్మం ముందు ఓక్ కాయలు

కొరియా కొండ మీద మిగిలిన చివరి ఎలుగులను కాపాడేందుకు వాటి చుట్టూ కంచె కట్టిన రోజుల్లో, అవి బెదరకుండా ఓక్ కాయలను మెల్లగా లోపలికి తోసేది మల్సూన్. ఆ ఎలుగులూ పోయాయి. ఇప్పుడు అడవిని కాసేవి మనుషులు చేసి వదిలిన మర ఎలుగులే. అయినా ఆమె ఆనవాయితీ మానలేదు. చలికాలం ముందు అడవి జీవాలకని చెట్ల కింద కాయలు పోసేది. మర ఎలుగులు పక్కనే నిలబడి శ్రద్ధగా చూసేవి.

ఈ ఏడు ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే, గుమ్మం ముందే కాయల కుప్ప!

"ఏమయ్యా, ఇవి నువ్వు తెచ్చావా?"

"నేనెందుకు తెస్తానే? ముందు ఇటొచ్చి చూడు," పెరట్లోంచి భర్త దొక్సు కేకేశాడు.

ఇంటి చుట్టూ కంచె లేచింది. దాని సందులోంచి మర ఎలుగు ఒకటి, వాళ్లు బెదరకుండా, ఇంకొన్ని కాయలను మెల్లగా లోపలికి తోసింది.