తౌవు ఊరి మనిషి

"ఆ పళ్ళెం ఇటు పడెయ్! నువ్వెలాగూ తినవుగా" అని గుమ్మంలోంచే అరిచింది ఆ కొత్తావిడ.

చావింట్లో అందరూ ఉలిక్కిపడ్డారు.

పళ్ళెం విలిమైనా ముందు ఉంది. అందులో ఉడికిన చేమదుంప చల్లారిపోయింది. పడవ బోల్తాపడి సముద్రంలో మునిగిపోయిన కొడుకు ఇసికేలిని ఒడ్డుకు చేర్చినప్పటినుంచి ఆమె ఏడవలేదు, ముద్ద నోట పెట్టలేదు.

ఇలాగే ఉంటే కొడుకు పక్కనే తల్లినీ పాతిపెట్టాల్సి వస్తుందని ఆమె తమ్ముడు అపొరోసా భయం.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఆనవాయితీ ప్రకారం చాపలిచ్చారు, తలలు వంచుకు కూర్చున్నారు. పాస్టరు ప్రార్థన చేశాడు. ప్రార్థనకు ఆకలి పుడుతుందా?

కొత్తావిడ చాప మీద కాళ్ళు బార్లా చాపుకుంది.

"ఏం ఊరయ్యా ఇది! మనుషులా, ఎండుచేపలా? దుంప ఉడకబెట్టడం కూడా చేతకాదు మీకు."

అంతలో అపొరోసా ముఖం విప్పారింది.

"తౌవు! తౌవు ఊరి మనిషిరోయ్!"

మా ఫిజీలో రెండు ఊళ్ళ మూలదేవతలు అన్నదమ్ములైతే ఆ ఊళ్ళవాళ్ళు తౌవు. తిట్టుకోవచ్చు, చేతిలోది లాక్కోవచ్చు. కోపం తెచ్చుకుంటేనే తప్పు. చావింట్లో నవ్వించే హక్కు వాళ్ళది. అలాంటి మనిషిని నీ పేరేమిటి, ఎవరి అమ్మాయివి అని అడగడం మర్యాద కాదు. తిట్టడమే మర్యాద.

అపొరోసా బకెట్టు నీళ్ళు తెచ్చి ఆవిడ నెత్తిన గుమ్మరించాడు.

"మీ ఊళ్ళో తిండి దొరక్క మా చావులు వెతుక్కుంటూ వచ్చావా, దొంగమొహమా!"

"మీ ఊళ్ళో స్నానం చేసే అలవాటే లేదుగా, ఇన్ని నీళ్ళెక్కడివిరా కోతిమూతోడా!"

ఇల్లంతా నవ్వింది.

ఆవిడ తడిబట్టలతోనే జరుగుతూ జరుగుతూ వెళ్ళి, విలిమైనా పళ్ళెంలోంచి దుంప తీసి కొరకబోయింది.

విలిమైనా చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"వదులు! అది నా కొడుకు నాటింది!"

"అయితే నువ్వు తిను. లేదా నన్ను తిననియ్. వాడి కష్టం కుక్కలపాలు చేస్తావా?"

విలిమైనా కొరికింది. నమిలింది. మింగుతూ మింగుతూనే భోరుమంది.

కొత్తావిడ ఆమెను గుండెకు హత్తుకుంది. తనూ ఏడ్చింది, వెక్కి వెక్కి, ఇంటివాళ్ళకంటే గట్టిగా.

"అబ్బో, ఏం నటిస్తోందిరా!" అని మూలన కావా తాగుతున్న మగవాళ్ళు నవ్వుకున్నారు.

పళ్ళెం ఖాళీ అయ్యాక ఆవిడ లేచింది.

"ఇక పోవే! మళ్ళీ మా గడప తొక్కావంటే చూడు" అన్నాడు అపొరోసా సంబరంగా.

"మోసుకొచ్చినా తొక్కను" అంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు తౌవు ఊరివాళ్ళు గుంపుగా పడవ దిగారు.

"మీ మనిషి నిన్ననే వచ్చి మా అక్క చేత దుంప తినిపించి పోయింది" అన్నాడు అపొరోసా.

"మా మనిషా? మాలో ఎవరూ రాలేదే. మేమే మొదట" అన్నాడు వాళ్ళ పెద్ద.

అపొరోసా పడవవాడి వైపు తిరిగాడు.

"నిన్న నువ్వు దింపినావిడ ఎవర్రా?"

పడవవాడు తలదించుకున్నాడు.

"చెప్పొద్దంది మావా. తెలిస్తే మీ తిట్లలో నవ్వుండదంది. ఇసికేలి ఎక్కిన పడవ నడిపింది ఆవిడ కొడుకే... వాడింకా దొరకలేదు."