ఐసు మెషీను ఆయుష్షు

ఆ రోజుల్లో కంపెనీల ఆస్తుల లెక్క రాయాలంటే యంత్రాలనే అడిగేవారు. ఇంకెన్నేళ్ళు పనిచేయగలవని అడిగితే అవి నిజమే చెప్పేవి. అకౌంటెంటు విజయకుమారి ఏటా మార్చి నెలలో ఊరూరా తిరిగి, వాటి పక్కన కాసేపు కూర్చుని, అవి చెప్పినదాన్నిబట్టి విలువ తగ్గించి రాసుకునేది.

ఆ ఏడు భీమిలి ఐసు ఫ్యాక్టరీలో పాత మెషీను మీద చెయ్యి వేసి అడిగింది. లోపల నీళ్ళు గడ్డకడుతున్న సన్నటి చప్పుడు వినిపిస్తోంది.

"ఈ వేసవి దాటలేనమ్మా," అంది మెషీను.

యజమాని ఎల్లాజీ మొహం పాలిపోయింది. "మా అయ్య పెట్టిన మెషీనమ్మా ఇది. ఇంకో అయిదేళ్ళని రాసేయండి. లేకపోతే పాత ఇనుము కింద పట్టుకుపోతారు."

"అది చెప్పిందే రాయాలి ఎల్లాజీ గారూ," అని ఆమె మెల్లగా మెషీను వైపు తిరిగింది. "నీకేమైనా కావాలా?"

"సముద్రం చూడాలని ఉంది. చేపలన్నీ అక్కణ్ణుంచే వస్తాయట కదా!"

వానలు మొదలయ్యే ముందు దాన్ని ఆపేశారు. పని ఆగినా మాట ఇంకా పోలేదు. ఎల్లాజీ దాన్ని లారీ ఎక్కించి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. విజయకుమారి కూడా వచ్చింది. సాయంత్రపు వెలుగులో కనుచూపుమేరా నీళ్ళు కదులుతున్నాయి.

"ఇదంతా నేనే గడ్డకట్టించాలా?" అని మెషీను భయంగా అడిగింది.

ఎల్లాజీ దాని చల్లటి రేకు నిమిరాడు. "అక్కర్లేదు తల్లీ. ఊరికే చూడు."